తలుపు మూసుకునేంత చోటు

నేను ఒక చక్రాల కుర్చీని. నా పెద్ద చక్రాలకి బయటివైపు చుట్టూ ఒక గుండ్రటి కమ్మీ ఉంటుంది. కూర్చున్న మనిషి దాన్ని పట్టుకుని తిప్పుకుంటే కదులుతాను. నన్ను తయారుచేసినవాళ్లు ఆ కమ్మీలకే ఎక్కువ మెరుగు పెట్టారు. కానీ మనుషులు నన్ను చూడగానే వెనకవైపు పిడులే పట్టుకుంటారు. ఎవర్నో ఒకర్ని తొయ్యకపోతే వాళ్లకి సాయం చేసినట్టు ఉండదనుకుంటాను.

మొదట నన్ను కొన్నది ఒక రిటైర్డు తహసీల్దారుగారు. ఆయన నామీద కూర్చోవడానికి ససేమిరా అన్నారు. ఆ ఇంట్లో నామీద తడి దుప్పట్లు ఆరేసేవాళ్లు. ఆయన పోయాక కోడలు నన్ను కందుకూరులో మాల్యాద్రికి ఇచ్చేసింది.

మాల్యాద్రి కరెంటు లైన్‌మన్. స్తంభం మీంచి పడ్డాడు. నడుం కింద స్పర్శ లేదు, చేతుల్లో మాత్రం స్తంభాలెక్కిన బలం అలాగే ఉంది. మరుగుదొడ్డి పెరట్లో, మెట్లు దిగి వెళ్లాలి. రోజూ పొద్దున భార్య వెంగమ్మ, ఆమె తమ్ముడు తిరపతయ్య చెరో పక్కా పట్టుకుని ఎత్తుకెళ్లేవాళ్లు. పడిపోతాడని వెంగమ్మ లోపలే నిలబడేది. నలభై ఏళ్లు దాటిన మగమనిషి. నీళ్లు తాగడం తగ్గించాడు, రాత్రి అన్నం మానేశాడు. ఆకలి లేదనేవాడు. ఆ కడుపు ఎంత గోల పెట్టేదో నాకు తెలుసు. ఇలా నీళ్లు తాగకపోతే కిడ్నీలు దెబ్బతింటాయని డాక్టరు గట్టిగా చెప్పాక, పడగ్గది మూలలోనే ఎటాచ్డ్ బాత్‌రూం కట్టాలనుకున్నారు.

ఇక ఇంట్లో అందరూ ఇంజనీర్లైపోయారు. టైల్సు నీలం అని తిరపతయ్య, ముందు గీజరు సంగతి చూడమని ఒకరు, కమోడు తూర్పుముఖంగా ఉండకూడదని వెంగమ్మ అక్క. మేస్త్రి హజరత్ సుద్దముక్కతో గచ్చుమీద గోడలు గీశాడు. నా వెడల్పుకి టేపు పెట్టి, వేలెడు వదులిచ్చి, వాకిలి గీసి రెండు వైపులా నా చక్రాలెత్తున ఇటుకలు పేర్చాడు. మాల్యాద్రి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే వెంగమ్మ వెనకనుంచి తోసింది. సూటిగా వెళ్లిపోయాను. అందరికీ సంతోషమైంది.

తలుపు లోపలికి తెరుచుకుంటుంది కదా, కుర్చీ లోపలుంటే మూతపడదు మరి, అన్నాడు హజరత్.

"మూయడం దేనికి? పక్కన నేనుంటాగా," అంది వెంగమ్మ.

ప్రేమగానే అంది. మాల్యాద్రి చేతులు నా కమ్మీల మీద బిగుసుకున్నాయి. బావకి నచ్చిందిలే అని తిరపతయ్య తేల్చేశాడు. మర్నాడు పొద్దున గోడ లేవాలి.

సాయంత్రం వెంగమ్మ పాలకి వెళ్లింది. మాల్యాద్రి తనే నన్ను తిప్పుకుంటూ ఆ ఇటుకల మధ్యకి వచ్చాడు. ఆ సందు నాకు సరిపోతుంది. కమ్మీలు పట్టుకున్న పిడికిళ్లు పట్టవు. ఒకసారి వెనక్కి తగ్గి జోరుగా వచ్చాడు. సగంలో ఇరుక్కుపోయాం. వేళ్ల కణుపులు చీరుకుపోయాయి. ముందుకీ పోలేం, వెనక్కీ రాలేం. పై ఇటుక జారి ఆయన పాదాన్ని రాసుకుంటూ పడింది. ఆయనకి తెలియలేదు. ఇంకోటి కదులుతోంది.

వెంగమ్మ పాలగిన్నె గుమ్మంలోనే వదిలేసి పరిగెత్తుకొచ్చి నా పిడులు పట్టుకుంది.

"వదులు."

"నెత్తురొస్తంది చూడవయ్యా."

"పిడులు వదులు వెంగమ్మా."

వదిలింది. ఆయన ఆమె వైపు తిరగలేదు, గచ్చు మీది గీతతో మాట్లాడినట్టు అన్నాడు. "తలుపేసుకుని కూచుంటాను. నువ్వు బయటుండు. నాకు ఇంకేం వద్దు."

"పడితే?"

"పిలుస్తా."

"పిలవలేకపోతే?"

వెంగమ్మ కదిలే ఇటుకని తీసి కింద పెట్టింది, ఆ వరసవన్నీ తీసి ఆయనకి దారి చేసింది.

"అయితే తలుపు గదిలోకి తెరుచుకోవాలి. నువ్వు అడ్డంగా పడ్డా నేను తీయగలగాలి. గడియ మాత్రం పెట్టనివ్వను," అంది. అని, తలుపు రెక్క తిరగాల్సినచోట ఉన్న బీరువా వైపు చూసింది. చీటీ కట్టి ముచ్చటపడి కొనుక్కున్న బీరువా. దాన్ని వసారాలో పెడదాంలే అంది.

తర్వాత కొంగు తడిపి హజరత్ గీతలన్నీ తుడిచేసింది. ఆయన్ని కమ్మీలు పట్టుకోమని, పిడికిళ్లకి ఇంకో పిడికెడు వదిలి వాకిలి గీసింది. లోపల ఒక్క చుట్టు తిరగమంది. నేను తిరుగుతుంటే నా చక్రాల వెనకే సుద్దముక్కతో గోడలు గీస్తూ పాకుతూ వచ్చింది. పొద్దున హజరత్ వచ్చి, గదిలో మంచానికి చోటేదమ్మా అని గొణిగాడు. వెంగమ్మ వినిపించుకోలేదు.

బాత్‌రూం పూర్తయ్యాక మొదటిరోజు, మాల్యాద్రి తనే లోపలికి వెళ్లి తలుపు లాక్కున్నాడు. అది మూతపడింది. కమోడు పక్కకి నన్ను చేర్చి బ్రేకులు వేశాడు. గోడకున్న స్టీలు కడ్డీ ఒక చేత్తో, నన్ను ఒక చేత్తో పట్టుకుని ఒళ్లు పైకెత్తాడు. ఆయన బరువంతా ఒక్క క్షణం నా బ్రేకుల మీదే ఆగింది. నేను కదల్లేదు. అటు చేరి కూర్చున్నాడు.

అయినా ఊరికే కూర్చున్నాడు. చెవి తలుపు వైపే ఉంది.

"వెంగమ్మా, అక్కడే ఉన్నావా?"

"లేను," అంది వెంగమ్మ, తలుపుకి ఆనుకుని.

కాసేపటికి గాజుల చప్పుడు తలుపు దగ్గర్నుంచి జరిగి, గది దాటి, వంటింటి వైపు వెళ్లిపోయింది. అప్పుడు మాల్యాద్రి బిగబట్టుకున్న ఊపిరి వదిలి, తన పని చూసుకున్నాడు.