పొట్టి తూటాల మసి

దిగడం లేదు బావా, ఆరు తూటాలకు ఆరూ చివరిదాకా దిగకుండా మొరాయిస్తున్నాయి, అంటూ బావమరిది రివాల్వరు బల్లమీద పెట్టాడు, అత్తవారు నాకిచ్చిన ఏకైక స్థిరాస్తి ఇతగాడు, డబ్బుల వ్యానుకు కాపలా, అరగంటలో వ్యాను కదలాలి, ముప్పై ఏళ్లుగా ఈ ఆయుధాగార సామ్రాజ్యానికి, అనగా రెండు బీరువాలు, ఒక బల్ల, ఒక నూనె డబ్బాకు ఏకచ్ఛత్రాధిపతినైన నేను తూటాలు ఊడదీశాను, బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కనా అంటాడు, నొక్కు నాయనా, నొక్కి, మీ అక్కకు నేనేం చెప్పాలో అదీ చెప్పి పో, తూటాలు సరైనవే, పొడుగువి, కాని గురి సాధనకు చవకని పొట్టివి వాడతారు, పొట్టివాడు పొడుగువాడి మంచంమీద హాయిగా పడుకుంటాడు, పొడుగువాణ్ణి పొట్టివాడి మంచంమీదికి ఎక్కిస్తే మంచమే విరుగుతుంది, అందుకే పొట్టి తూటాల రివాల్వరులో పొడుగు తూటా నిషిద్ధం, ఇది పొడుగువాటిది, ఇందులో రెండూ చెల్లుతాయి, చెల్లుతాయి గాని పొట్టిది పేలిన ప్రతిసారీ తూటా కూర్చునే అరలో తన తల దగ్గర ఒక మసి ఉంగరం వదిలిపోతుంది, బ్రష్షుతో గీకకపోతే పొడుగుది అక్కడే ఆగుతుంది, ఈ ఉపన్యాసం ఎందరికి దంచానో, ఒరేయ్, సాధనయ్యాక తుడవవా నువ్వు,

నిన్న సాయంత్రం నువ్వే తుడిచావుగా బావా, సంతకమూ పెట్టావు, నీ సంతకమంటే శిలాశాసనమాయె,

పెట్టాను, దీపం కింద అరలన్నీ అద్దంలా కనబడ్డాయి, ఇప్పుడూ అలాగే ఉన్నాయి, అగ్గిపుల్ల దూర్చి గీరితే మాత్రం గరుకు, పుల్ల చివర నలుపు, సూదిలోకి దారం ఎక్కించమంటే నా వేలికి ఎక్కిస్తున్నారేమిటి, కళ్లు చూపించుకోండి మహానుభావా అని ఇంట్లో ఆవిడ అననే అంది, చూపించుకుంటే ఈ బల్ల పోతుంది, ఉద్యోగానికి ఇంకా రెండేళ్లుంది, రెండేళ్లు ఎలాగోలా నెట్టుకొద్దామనే కదా,

పోనీ ఇంకోటి ఇవ్వు బావా, టైమైపోతోంది, అంటున్నాడు, బీరువాలో ఇరవై మూడున్నాయి, ఏది ఇవ్వను, అన్నిటిమీదా నా సంతకమే, వ్యాను ఆపమను, పెద్దాఫీసరుకు నేను చెప్పుకుంటాలే, రిజిస్టరు తెరిచి నిన్నటి వరుస కొట్టేశాను, మసి లేదు అని నిన్న రాశాను, మసి నాకు కనబడలేదు అని రాయాల్సింది.