రేడియేటర్ నీళ్ళు

పుంగనూరులో మదనపల్లె రోడ్డు పక్కన సొలొమోనుకు ఒక రేకుల షెడ్డు ఉండేది. పాతికేళ్ళుగా అంబాసిడర్లూ జీపులూ బాగుచేస్తున్న మనిషి. చప్పుడు విని ఇంజన్ రోగం చెప్పేస్తాడని కుప్పం డ్రైవర్లు కూడా ఆయన్ను వెతుక్కుంటూ వచ్చేవారు. ఆ పేరుకు ఆయనా లోలోపల మురిసిపోయేవాడు.

తొంభై తొమ్మిది ఏప్రిల్‌లో ఒకరోజు పొద్దున్నే, ఎవరో ఒక డీజిల్ అంబాసిడర్‌ను ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చి షెడ్డు ముందు వదిలారు. కుప్పం స్టాండులో బాడుగకు తిప్పే మునిచంద్ర కారు అది. ముందురోజు జరిగిన సంగతి ట్రాక్టరు మనిషే చెప్పాడు. బైరెడ్డిపల్లె దగ్గరి పల్లెలో మునిచంద్ర అక్క రెడ్డెమ్మను, మల్బరీ ఆకు కోస్తుండగా పాము కరిచింది. అక్కను చూడటానికి వచ్చిన మునిచంద్ర అప్పుడు ఊళ్ళోనే ఉన్నాడు. అక్కనూ బావ ముద్దుకృష్ణనూ కార్లో వేసుకుని పలమనేరు పరుగెత్తాడు. అక్కడి డాక్టరు సూది వేసి, ఊపిరి అందడం లేదు, మదనపల్లె మిషన్ ఆసుపత్రికి తీసుకుపొమ్మన్నాడు. పుంగనూరు ఇంకా ఏడెనిమిది కిలోమీటర్లు ఉందనగా మిట్ట ఎక్కుతూ కారు ఆవిర్లు కక్కి ఆగిపోయింది. ముప్పావుగంట తర్వాత ఒక టమోటా లారీ వాళ్ళను ఎక్కించుకుంది. మదనపల్లె చేరేలోపే రెడ్డెమ్మ కన్నుమూసింది.

చిన్నప్పుడే తల్లి పోయిన మునిచంద్రను చంకనేసుకుని పెంచింది ఆ అక్కే. ఆ మాట తెలిసిన సొలొమోను కారు మీద చెయ్యి వెయ్యలేకపోయాడు. టార్పాలిన్ కప్పి పక్కన పెట్టాడు.

దినాలు అయిపోయిన మర్నాడు మునిచంద్ర వచ్చాడు. మాసిన గడ్డంతో, చెప్పులు లేకుండా, బస్సు దిగి నేరుగా షెడ్డులోకి వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. బండి బాగుచెయ్యమని అడగలేదు.

"ఏమైందో సూడు మేస్త్రీ. నాకు తెలియాల. నీళ్ళు పోసినందుకేనా?" అన్నాడు.

దారిలో ఇంజన్ వేడి చూపే ముల్లు పైకి లేచిందట. అప్పటికీ ఆపకుండా తోలాడు. ఆవిరి కమ్మేశాక దిగి, గుడ్డ అడ్డం పెట్టి మూత తీసి, కార్లో ఉన్న క్యాను నీళ్ళన్నీ పోసేశాడు. మళ్ళీ నాలుగు ఫర్లాంగులు కూడా పోలేదు. కాలిన ఇనుము మీద చన్నీళ్ళు పడి, ఇంజన్‌కు మూతలా ఉండే హెడ్ పగిలిందేమోనని ఆ కుర్రవాడి భయమని సొలొమోను అనుకున్నాడు. అలా పగలడం ఆయన చాలాసార్లు చూశాడు.

రేడియేటర్ మూత తిప్పాడు. లోపల నీళ్ళు పాలు ఎక్కువైన టీలా ఉన్నాయి. పైన జిడ్డు తెర కట్టింది. వేలు ముంచి బొటనవేలితో రుద్దితే జర్రున జారింది. ఆయిల్. తర్వాత ఇంజన్‌లోని ఆయిల్ చూసే కడ్డీ లాగాడు. నల్లగా ఉండాల్సింది మజ్జిగ నురగలా తెల్లబారి ఉంది. నీళ్ళలోకి ఆయిలూ, ఆయిల్లోకి నీళ్ళూ వెళ్ళాయి. అయితే హెడ్ అయినా పగిలి ఉండాలి, దానికింద నీళ్ళనూ ఆయిల్‌నూ కలవనివ్వని గ్యాస్కెట్ రేకు అయినా కాలి ఉండాలి.

హెడ్ విప్పి దించేసరికి పన్నెండు దాటింది. మునిచంద్ర బల్ల మీంచి కదలలేదు, తెచ్చిన టీ తాగలేదు. సొలొమోను హెడ్‌ను డీజిల్‌తో కడిగి ఆరబెట్టి, కిరసనాయిలు పూసి, పొడిగుడ్డతో తుడిచి, సుద్ద రుద్దాడు. సన్నపు పగులు ఉన్నా అందులో దాక్కున్న కిరసనాయిలు సుద్దలోకి ఊరి గీత కనిపిస్తుంది. చాలాసేపు చూశాడు. సుద్ద తెల్లగానే ఉండిపోయింది.

అప్పుడు గ్యాస్కెట్‌ను వెలుతురులోకి పట్టుకెళ్ళాడు. రెండో సిలిండరుకీ మూడో సిలిండరుకీ నడుమ చిటికెనవేలంత మేర కాలిపోయింది. కాలిన చోట మసి పొరలు పొరలుగా పేరుకుని ఉంది. నీళ్ళు పారే దారుల్లో ఆయిలూ తుప్పూ కలిసిన బురద గోరుతో గీకినా రానంత గట్టిపడింది. ఒక్కరోజులో అంత పేరుకోదు. వారాల తరబడి లోలోపల కాలుతూ వచ్చిన గ్యాస్కెట్ అది.

వారాలు అనుకోగానే సొలొమోను చేతులు ఆగిపోయాయి.

మూడు వారాల కిందట, ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు, ఆయన తెల్లచొక్కా వేసుకుని గుడికి బయలుదేరుతుంటే ఇదే కారు గుమ్మం ముందు ఆగింది. రోజూ నీళ్ళు తగ్గిపోతాండాయి మేస్త్రీ, ఒకసారి సూడు అన్నాడు మునిచంద్ర. వెనకసీట్లో బాడుగవాళ్ళు తొందరపడుతున్నారు. ఇంట్లోంచి భార్య యేసమ్మ ఆరాధనకు వేళైందని పిలుస్తోంది. సొలొమోను మూత తీసి వంగి చూశాడు. నీళ్ళ మీద రంగురంగుల జిడ్డు మెరిసింది. ఆయిల్ డబ్బాతో నీళ్ళు పోసి ఉంటాడులే అనుకున్నాడు. వేలు పెట్టి చూడాలనిపించింది, కానీ చొక్కాకు మరక అవుతుందని పెట్టలేదు. కడ్డీ లాగలేదు. నీళ్ళు నింపి, ఏం కాదు, పో అని పంపేశాడు.

ఇప్పుడు బల్ల మీద కూర్చున్నవాడికి ఆ సంగతి గుర్తున్నట్టే లేదు. రాత అంతే అని ఒక్క మాట అంటే సరిపోయేది. సొలొమోను కుళాయి దగ్గరికి పోయి, పోని జిడ్డును వదిలించుకుంటూ చాలాసేపు చేతులు తోముకున్నాడు. తిరిగొచ్చి మునిచంద్ర పక్కన కూర్చుని మొత్తం చెప్పాడు. గ్యాస్కెట్ చూపించాడు, మసి చూపించాడు, ఆ ఆదివారం తను చూసిందీ, చూడకుండా వదిలేసిందీ చెప్పాడు.

"నువ్వు నీళ్ళు పోసినా పోయకున్నా ఆ పొద్దు ఆ బండి మదనపల్లె చేరేది గాదు. తప్పు నాది మునిచంద్రా."

మునిచంద్ర కోప్పడతాడని ఎదురుచూశాడు. కోప్పడితే బాగుండుననిపించింది. అతను కాలిన గ్యాస్కెట్‌ను చేతిలో తిప్పి చూసి, "నాకు చెప్పి ఏం లాభం మేస్త్రీ. మా బావకు చెప్పు. ఆయప్ప ఆ పొద్దుట్నించి నాతో మాట్లాడలేదు," అన్నాడు.

ఆ మధ్యాహ్నమే ఇద్దరూ బస్సెక్కారు. దారిలో కారు ఆగిన మిట్ట వచ్చినప్పుడు మునిచంద్ర కళ్ళు మూసుకున్నాడు.

ముద్దుకృష్ణ వాకిట్లో పట్టుపురుగుల తట్టలు శుభ్రం చేస్తున్నాడు. ఎవరు చచ్చినా పురుగులకు ఆకు వెయ్యక తప్పదు. సొలొమోను నిలబడే చెప్పాడు. పనివాడిగా తను తప్పిన సంగతి ఒక్కటీ దాచుకోలేదు. ముద్దుకృష్ణ తట్ట పక్కన పెట్టి అంతా విన్నాడు.

"బండి సంగతి నాకేం తెలుసు మేస్త్రీ. బండి అన్నాక నిలబడతాది. దానికి నేను వీణ్ణి ఏమీ అనలేదు," అన్నాడు. మళ్ళీ తట్ట అందుకున్నాడు. "బండి నిలబడినంక ఆయమ్మ నీళ్ళు అడిగింది. గొంతు ఎండిపోతాండాది, ఒక గుక్క పొయ్యిమనింది. ఉండే నీళ్ళన్నీ వీడు ఇంజన్‌కు పోసేసినాడు. ఆ రోడ్డు మీద ఈ పక్కకీ ఆ పక్కకీ పరిగెత్తినాను. యాడా చుక్క నీళ్ళు దొరకలేదు. లారీ ఎక్కిచ్చినంక మళ్ళా అడగలేదు."

మునిచంద్ర తల గోడకు ఆనించి నిలబడ్డాడు. పొద్దున షెడ్డులో అతను అడిగింది దేన్ని గురించో సొలొమోనుకు అప్పుడు అర్థమైంది. అతను అడిగింది హెడ్ గురించి కాదు. తను పట్టుకొచ్చిన జవాబు ఆ బాధను తాకనే లేదు.

ఎవరూ ఏడవలేదు. లోపల తట్టల్లో పురుగులు ఆకు తింటున్న చప్పుడు సన్నని వానలా వినిపిస్తోంది. బస్సుకు వేళైందని సొలొమోను బయలుదేరాడు. క్షమించమని అడగాలనుకున్నాడు గానీ, అడిగితే ఆ బరువు కూడా ఈ ఇంటిమీదే పెట్టినట్టవుతుందనిపించి ఊరుకున్నాడు. మునిచంద్ర కూడా ఆయన వెంట కదిలాడు.

వాళ్ళు దడి దాటుతుండగా ముద్దుకృష్ణ వెనకనుంచి పిలిచాడు. సొలొమోను తిరిగి చూశాడు. ఆ పిలుపు తనకు కాదు.

"యాడికి పోతావు," అన్నాడు ముద్దుకృష్ణ బామ్మర్దితో, మొహం వైపు చూడకుండానే. "సంగటి ఉండాది. తిని, నాలుగు మోపులు ఆకు కోసిచ్చి పో. నేనొక్కణ్ణే కొయ్యలేకుండా ఉండా."

మునిచంద్ర వెనక్కి తిరిగాడు. సొలొమోను ఒక్కడే రోడ్డు వైపు నడిచాడు.