ఎదురు తిరిగిన ముల్లు

పందొమ్మిది వందల ముప్పై ఎనిమిది. కుట్రాలంలో నీళ్లు దూకే ఆని నెల. తమిళనాట రాజపాళయంలో మిల్లు నడిపే శివసుబ్రహ్మణ్య రాజా తన తల్లి నాచ్చియార్‌ను కుట్రాలం జలపాతాలకు తీసుకుపోవడానికని ఒక లారీ మీద ఇల్లే కట్టించాడు. లోపల రెండు మంచాలు, ఒక గుడ్డ తెర, తెర వెనక వంటమూల. ఇంజిను తిప్పే బ్యాటరీతోనే లోపలి దీపాలూ వెలిగేవి. ఊళ్లో దాన్ని ఇంటి లారీ అనేవాళ్లు.

వంటకు మంసాపురం నుంచి బొమ్మి వచ్చింది. వచ్చినప్పటి నుంచీ లారీ వంటమూలలోనే వండి, అక్కడే పడుకునేది. మొగుడు పోయి పదేళ్లు. అంతకుముందూ, ఆ తర్వాతా ఎవరిచేతా మాట పడి ఊరుకున్న మనిషి కాదు.

బయల్దేరడానికి వారం ముందు అళగిరి అనే మెకానిక్ కొత్త బ్యాటరీ బిగించాడు. ఆ మర్నాటి నుంచే తంటా. చోళపురం దాకా, సేత్తూరు దాకా తోలి చూసినా బ్యాటరీ నిండలేదు. తీరా ప్రయాణం రోజు పొద్దున స్టార్టరు ఒక్కసారి మూలిగి ఊరుకుంది. మిల్లు వాకిట్లో కూలీలంతా చూస్తుండగా రాజా అళగిరిని నిలదీశాడు.

"నా పనిలో తప్పు లేదు సామీ. వంటామె రాత్రంతా లైటు ఎలిగిచ్చి పెట్టుకుంటది. ఇంక బ్యాటరీ ఎట్ల నిలుస్తది?"

రాజా బొమ్మి వైపు తిరిగాడు. "మూట కట్టుకో. ఊరికి పో. వేరే మనిషిని చూసుకుంటాము."

బొమ్మి కదలలేదు. "నేను లైటు ముట్టింది లేదు సామీ. కిరసనాయిలు బుడ్డి ఎలుగులోదాన్ వండినాను. పొమ్మంటే పోతాను. ఈ పేరు మోసుకొని మాత్రం పోను."

"ఏమ్మా, బ్యాటరీ గురించి నీకేం తెలుసు?" అళగిరి నవ్వాడు.

"ఏమీ తెలీదప్పా. కండ్లు ఉండాయి."

వంటమూలలో కూర్చుంటే తెర సందులోంచి డ్రైవరు ముందున్న కరెంటు మీటరు కనపడేది. ఇంజిను ఆపి దీపాలు వేస్తే ముల్లు ఎడమకు పోతుందనీ, బ్యాటరీ నిండేటప్పుడు కుడికి పోతుందనీ డ్రైవరు కృష్ణన్ ఒకసారి ఆమెకు చెప్పాడు. వారంగా ఆ ముల్లు తీరు మారింది. కృష్ణన్‌కూ అది తెలుసు. కానీ అతనికి ఈ ఉద్యోగం ఇప్పించింది అళగిరే.

"కృష్ణా, లైటు వెయ్యి. సామీ, మీరే వచ్చి చూడండి."

దీపాలు మిణుకుమన్నాయి. ముల్లు కుడికి జరిగింది.

"ఇంజిను ఆగి ఉండాది. లైటు కరెంటు తింటా ఉండాది. బ్యాటరీ నిండతా ఉండాదని ముల్లు ఎట్ల సెప్తది? వయర్లు మారినాయి సామీ."

"మీటరు చెడిపోయింటది," అన్నాడు అళగిరి.

బొమ్మి వంగి, డ్రైవరు కాళ్ల కింది పలక పైకెత్తింది. బ్యాటరీకి ఉన్న రెండు గుబ్బల్లో ఒకటి లావు, ఒకటి సన్నం. సన్నదాని మీద వైరు చివరి పెద్ద కడియం వదులై, సందులో తగరపు రేకు దోపి ఉంది. లావుదాని మీదికి చిన్న కడియాన్ని ఉలితో విప్పి దిగ్గొట్టిన గాటు ఇంకా మెరుస్తోంది.

"కుదరని కడియాన్ని కొట్టి తొడిగింది ఎవరు, అళగిరీ?"

రాజా చూపు కృష్ణన్ మీద పడింది.

"అక్క సెప్పింది నిజందాన్ సామీ. మొన్ననే చూసినాను. బయపడి సెప్పలేదు."

అళగిరి వైర్లు మార్చి, బ్యాటరీని నింపే డైనమో పక్క పెట్టెలో కరెంటు కలిపేచోట కమిలిన ముక్కులను గరుకు కాయితంతో రుద్దేసరికి గంట పట్టింది. కృష్ణన్ ముందు నుంచి హ్యాండిల్ తిప్పితే ఇంజిను అందుకుంది. ముల్లు కుడికి పోయి నిలిచింది. ఆపి దీపాలు వేస్తే ఎడమకు వాలింది.

రాజా గడియారం చూసుకున్నాడు. "సరి, సరి. ఎక్కు బొమ్మీ, పొద్దు పోతాంది."

"ఇంతమంది ముందర నన్ను అన్నారు. ఇంతమంది ముందరే సెప్పాల సామీ."

రాజా మొహం కందగడ్డలా అయింది. "వంటమనిషివి, నాతోనా?"

బొమ్మి చేతులు కట్టుకుని అలాగే నిలబడింది. లారీలోంచి నాచ్చియార్ కేకేసింది: "అది రాకుంటే నేనూ దిగతాను నాయినా."

"తప్పు నీది కాదు," రాజా గొణిగాడు.

"వాకిలి కాడ ఉండేవాళ్లకు ఇనపళ్లేదు సామీ."

"బొమ్మి తప్పు లేదు!" అని అరిచాడు. "చాలునా?"

"చాలు సామీ."

ఆమె లోపలికెక్కి తెర లాక్కుంది. లారీ సేత్తూరు దాటేదాకా తెర సందులోంచి ముల్లునే చూస్తూ కూర్చుంది. ఆ తర్వాత లేచి బియ్యం కడిగింది.