కాశీలో వదిలిన పాలు

లివర్ అని నోరు జారితే చాలు, మా గరివిడిలో మనిషి చేతిలో సీసా చూసేస్తారు. నేను బుద్ధెరిగాక చుక్క ముట్టలేదు. అయినా స్కానింగులో లివర్‌కి కొవ్వు పట్టిందని తేలగానే, ఫ్యాక్టరీలో నాతో పాటు పనిచేసి రిటైరైన సూరయ్య భుజం తట్టి, "పోన్లేరా గంగులూ, ఒంటిగోడివి. తాగక ఏటి సేస్తావు?" అన్నాడు. జాలట! ఒళ్ళు మండిపోయింది.

డాక్టర్ ఝాన్సీ గారు మాత్రం నా మాట నమ్మింది. రోజూ ఏం తింటానని అడిగింది. ఏముంది చెప్పడానికి? పొద్దున్న బన్ను, టీ. మధ్యాహ్నం హోటల్ భోజనం. ఆ తర్వాత ఎప్పుడు తోచకపోతే అప్పుడు టీ, బిస్కెట్లు. నాకు తోచని వేళలు చాలా ఉంటాయి. పాలు పొయ్యని టీ చేదు కాబట్టి పంచదార దండిగా వేసుకుంటాను.

"పాలెందుకు పొయ్యరు?"

"కాశీలో వదిలీసినానమ్మా."

మా ఆవిడ గౌరి పోయాక అస్థికలు కలపడానికి కాశీ వెళ్ళాను. అక్కడికి వెళ్ళినవాళ్ళు ఇష్టమైనదేదో వదిలి రావాలి, మళ్ళీ ముట్టకూడదు. చాలామంది కాకరకాయ వదిలేసి తెలివిగా బయటపడతారు. నేను పాలూ పెరుగూ వదిలాను. మాకు పిల్లల్లేరు. గౌరి కోసం నేను చేసిన ఆఖరి పని అది. ఆ మాట ఇప్పటిదాకా తప్పలేదు.

డాక్టరమ్మ నవ్వలేదు. "మన పేగుల్లో కంటికి కనపడని సూక్ష్మజీవులు కోట్లలో ఉంటాయి గంగులు గారూ. మనం తినేదే వాటికీ తిండి. ఎలుకలకి పాలు పట్టి చూస్తే మంచివి పెరిగి, లివర్‌లో కొవ్వు తగ్గిందట. మనుషుల్లో ఇంకా తేలాలి. పాలు మందని నేను చెప్పను. కానీ ఆ పంచదార మానండి, ఆ టీల బదులు ఒక గ్లాసు పాలు తాగండి. ఇలాగే వదిలేస్తే లివర్ గట్టిపడిపోతుంది" అంది.

ఇంట్లో ఒక్కణ్ణే అనుకుంటున్నాను, కడుపులో కోట్ల ప్రాణులున్నాయట. ఒక్కటీ పలకరించిన పాపాన పోలేదు.

వస్తూ పాల ప్యాకెట్టు కొన్నాను. కాచాను. గ్లాసులో పోశాను. చెయ్యి ముందుకు వెళ్ళలేదు. తాగితే గౌరికిచ్చిన మాట పోతుంది. తాగకపోతే నేను పోతాను. పోతే పోనీ అనుకుందామంటే, నిజం చెప్పొద్దూ, చావంటే భయమేసింది.

కొత్తవలసలో ఉన్న మరదలు తవిటమ్మకి ఫోన్ చేశాను. గౌరికి సొంత చెల్లెలు. ఎవరైనా ఒప్పుకోవాలంటే ఆవిడే ఒప్పుకోవాలి. సంగతంతా చెప్పాను.

"ఇష్టమైంది కదేటి వదలాలి?" అంది తవిటమ్మ.

"అవును."

"నీకు పాలెప్పుడు ఇష్టం బావా? అక్క నాతో సెప్పి నవ్వీది. గ్లాసిచ్చి ఎల్లిపోతే పెరట్లో పారబోసీసీవోడివట. అందుకే తాగీదాకా నీ ఎదురుగా నిలబడీది."

నిజమే. చిన్నప్పట్నించీ పాల వాసనే పడదు నాకు. గౌరి నడుం మీద చెయ్యేసుకుని ఎదురుగా నిలబడేది. ఊరి కబుర్లు చెబుతూ ఉండేది. ఆ కబుర్ల కోసం ఒక్కొక్క గుక్కా ఆపి ఆపి తాగేవాణ్ణి. నాకిష్టమైంది అది. అది నేను వదలకుండానే పోయింది. ఏం వదులుతున్నానో తెలియకుండానే గంగలో నిలబడి దండం పెట్టి వచ్చాను.

"ఆ మొక్కు సెల్లదు బావా. తాగు" అంది తవిటమ్మ.

"నువ్వు ఫోను పెట్టెయ్యకు" అన్నాను.

"పెట్టను. తాగు." తర్వాత వాళ్ళ వీధి కుళాయి దగ్గర ఎవరికెవరికి తగువైందో మొదలుపెట్టింది.

ముక్కు మూసుకుని తాగాను. చల్లారిపోయి మీగడ కట్టిన పాలు.

కాసేపటికి కబురాపి, "అయ్యిందేటి బావా?" అని అడిగింది.

గ్లాసు ఎప్పుడో ఖాళీ అయింది.

"ఇంకా ఉన్నాయి" అన్నాను.