వైకుంఠరావు సొంత మాట

కూర్మమ్మకు చిల్లంగి వచ్చని మొదట అన్నది ఎవరో ఆ ఊళ్ళో అందరికీ తెలుసు. కోర్టులో చెప్పమంటే మాత్రం ఒక్కరికీ తెలియదు.

ఒడిశాలో చికిటి దగ్గర తెలుగువాళ్ళ ఊరది. రెండేళ్ళ కిందట పొరుగింటి ఆదిలక్ష్మి ఆవులు రెండు ఒకే వారంలో చచ్చాయి. రెండో ఆవు చచ్చిన మర్నాడే ఆమె మొగుడికి కాలూ చెయ్యీ పడిపోయింది. ఇంకేం, చిల్లంగి, చేతబడి అన్నారు. ఇద్దరు మగాళ్ళు పట్టపగలు కూర్మమ్మను వీధిలోకి ఈడ్చి, జుట్టు కత్తిరించి, రాయితో ముందు పళ్ళు రెండు ఊడగొట్టారు. పళ్ళు లేకపోతే మంత్రం పలకదట. ఆ ఇద్దరినీ ఆమె కళ్ళారా చూసింది, పోలీసులకు చెప్పింది, వాళ్ళ సంగతి ఎలాగూ తేలుతుంది. కానీ వాళ్ళవి చేతులే. నోరు వేరేవాడిది. ఆ నోరు కటకటాల వెనక పడితే గానీ ఆమె కడుపుమంట చల్లారదు.

వాడు వైకుంఠరావు. పాతిక ఎకరాల ఆసామి, ఊరికి పెద్ద. ఆయనగారి అరుగు మీద ఒక పద్ధతి ఉంది. ఎవరైనా ఫలానావాడు ఇలా చేశాడంట అని మొదలుపెడితే చెయ్యెత్తి ఆపేస్తాడు. "సూసినావా, ఇన్నావా? ఇన్నదైతే అరుగు దిగీసి సెప్పుకో" అంటాడు. అందుకని ఆయన నోటివెంట వచ్చిందంటే చూసి చెప్పినట్టే లెక్క. అలాంటివాడు, అమావాస్యనాడు కూర్మమ్మ ఆదిలక్ష్మి పశువులశాలలో నిమ్మకాయ పాతింది అంటే కాదనే మొనగాడెవడు? ఇంతకీ ఆమె చేసిన పాపం ఏమిటయ్యా అంటే, అయ్యగారి ట్రాక్టరుకు తన వంగతోటలోంచి దారి ఇవ్వనన్నది.

బరంపురం కోర్టులో ఆ పొద్దున సాక్షులు వరసగా బోనెక్కారు. "అందరూ అనుకున్నారు బాబూ. అమ్మణ్ణి నాకు సెప్పింది" అన్నాడు పైడన్న. అమ్మణ్ణిని అడిగితే, "నాకు పైడన్నే సెప్పినాడు" అన్నది. ఇద్దరూ ఆనాడు అరుగు మీద ముందు వరసలో కూర్చున్నవాళ్ళే. ఆ సిగ్గులేనితనం చూసి కూర్మమ్మకు ఒళ్ళు మండిపోయింది.

భోజనాల వేళ సర్కారు వకీలు సస్మిత ఆమెను వరండాలో పక్కకు పిలిచింది. ఒడియా పిల్ల. తెలుగు ఆచితూచి మాట్లాడుతుంది, పిన్నీ అనడానికి మాత్రం మావుసీ అంటుంది.

"ఆయన అన్నాడని ఇంకొకరు చెప్పారు అంటే కోర్టు తీసుకోదు మావుసీ. ఆయన అంటూంటే తమ చెవులతో విన్నవాళ్ళు రావాలి. అలాంటివాళ్ళు ఒక్కరూ నోరు విప్పడం లేదు."

"ఇన్నమాటకే గదమ్మా నా పళ్ళు ఊడగొట్టినారు. అప్పుడు సెల్లింది, ఇప్పుడు సెల్లదా?"

"ఊరికి చెల్లుతుంది. ఇక్కడ చెల్లదు."

"మరి ఆడే అంటే?"

"తన నోటితో తనే ఒప్పుకుంటే అది వేరు. అది ఆయన మీద పనికొస్తుంది. కానీ ఎందుకు ఒప్పుకుంటాడు? ఊరంతా అంటూంటే నేనూ విన్నాను అనమని వాళ్ళ వకీలు నేర్పే ఉంటాడు."

కూర్మమ్మ ఆ ఆఖరి మాటే మనసులో తిప్పుకుంది. నేనూ విన్నాను. ఊరివాళ్ళందరి ముందూ వైకుంఠరావు ఆ ముక్క అనాలి. ఆ అరుగుకు ఎదురింట్లో నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి ఆమె. వాడికి ఆ ముక్క గొంతు దాటడం ఎంత కష్టమో ఆమెకు తెలిసినట్టు ఏ వకీలుకు తెలుస్తుంది?

మధ్యాహ్నం ఆమె వంతు వచ్చింది. అక్కడంతా ఒడియాలోనే సాగుతుంది, సాక్షులు చెప్పేదీ అందులోనే; ఊరివాళ్ళందరికీ అది వచ్చు. వైకుంఠరావు తరపు వకీలు హేమచంద్ర తీరిగ్గా లేచి అడిగాడు.

"ఆ మాట వైకుంఠరావుగారు అనగా నువ్వు విన్నావా?"

"నేదు బాబూ."

"అంటే ఊళ్ళో అందరిలాగే ఆయనా ఎవరి దగ్గరో విన్నాడనుకోవచ్చు కదా?"

కూర్మమ్మ ఎదురుగా ముద్దాయిల బోనులో ఉన్న వైకుంఠరావు కేసి చూసింది. తెల్ల పంచె, మడత నలగని కండువా.

"అంతే అయ్యుంటాది బాబూ. నానే తప్పనుకున్నాను. సొంతంగా ఒక మాట సెప్పీపాటి మనిషా ఆయన? కుళాయికాడ అమ్మణ్ణీవోళ్ళు ఏదో వాగుంటారు. అది ఇనీసి, అరుగెక్కి తన మాటలాగ సెప్పుంటాడు. ఆడోళ్ళ మాటలు ఏరుకోడం, పెద్దరికం సెయ్యడం. ఆయనదంతా ఆ బాపతే గదా."

వెనక బెంచీలో పైడన్న ఫక్కున నవ్వి, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

"నోర్ముయ్యే" అన్నాడు వైకుంఠరావు తెలుగులో. మొహం జేవురించింది. "ఎవులో సెప్తే ఇనీసి సెప్పీవోడినా నాను? అమ్మణ్ణికి సెప్పింది నాను. పైడన్నకి సెప్పింది నాను. నా అరుగు మీద మొట్టమొదట సెప్పింది నానే."

హేమచంద్ర ఒక్క అంగలో వచ్చి కండువా పట్టుకు లాగాడు. వైకుంఠరావు విదిలించుకున్నాడు.

మేజిస్ట్రేటు కళ్ళద్దాల పైనుంచి చూశాడు. "మీరు మాట్లాడనక్కర్లేదు. మాట్లాడితే రాసుకుంటాం, అది మీ మీదకే రావచ్చు. నాకు తెలుగు రాదు. చెప్పదలిస్తే ఒడియాలో చెప్పండి."

ఏమీ లేదు, కోపంలో ఏదో అన్నాడు, అని హేమచంద్ర నచ్చజెప్పబోయాడు. వైకుంఠరావు ఊరుకుంటే అక్కడితో పోయేది. కానీ పైడన్న భుజాలు ఇంకా కదులుతున్నాయి. అది చూశాడు వైకుంఠరావు. గొంతు సవరించుకుని, టైపిస్టుకు అందేలా ఒక్కొక్క మాటే ఆగి ఆగి, మొత్తం ఒడియాలో చెప్పాడు.

అబ్బ, ఎంత హాయిగా ఉందో కూర్మమ్మకు. ఒక్కో మాట కాగితం మీద పడుతుంటే ఆమెకు ఒక్కో ముద్ద కడుపులో పడ్డట్టుంది. జాలి కలుగుతుందేమోనని ఒక్క క్షణం తనలో వెతుక్కుంది. లేదు, ఎక్కడా లేదు.

టైపిస్టు చదివి వినిపించాడు. అంతా సరిగ్గా ఉందా అని మేజిస్ట్రేటు అడిగాడు. హేమచంద్ర తల పట్టుకుని కూర్చున్నాడు.

"'మొట్టమొదట' అన్న మాట ఒదిలీసినారు" అన్నాడు వైకుంఠరావు.

అదీ చేర్చారు. అప్పుడు సంతకం పెట్టాడు.