తుడవని అద్దం

మా బాపు సాయన్న, చక్కెర ఫ్యాక్టరీ మూతపడేదాకా, ఎడపల్లి చుట్టూ తోటలు తిరిగి చెరుకు నరకడానికి వచ్చిందో లేదో చూసేవాడు. గడ నుంచి రసం చుక్క పిండి, చేతిలోని గొట్టానికున్న చిన్న అద్దం మీద వేసి, వెలుగుకు పట్టి తీపి ఎంతుందో చెప్పేవాడు. ప్రతి చుక్కకీ ముందు అద్దం తుడవాల్సిందే. పాత రసం ఆరి ఉంటే లెక్క తప్పుతుంది.

చివరికి ఆయనకే షుగరొచ్చింది. నేను చేసే పనీ దాని గురించే. చర్మం కింద ఏడాది పాటు ఉండి, ఒంట్లో షుగర్ ఎంతుందో ఫోన్‌కు పంపే సెన్సర్. "నా బిడ్డ జేసింది ముందుగాల నాకే" అని పట్టుబట్టి, దాన్ని మనుషులకు పెట్టి చూసే పరీక్షలో పేరు రాయించుకున్నాడు.

చేతిలో పెట్టించుకున్న రోజే అడిగాడు. "సంజనా, లోపల దాని అద్దం ఎవలు తుడుస్తరే?"

నాకు నవ్వొచ్చింది. "దానికి అద్దం లేదు బాపూ. పైన పూత పూసినం, ఏడాది దాకా ఏం అంటుకోదు."

"అయినా వారానికోపారి వేలు పొడుసుకొని సరి సూసుకుంట."

డాక్టరూ అదే చెప్పాడు. కానీ నా పనిని సొంత తండ్రే నమ్మడం లేదని చిర్రెత్తుకొచ్చింది. "ఇగ ఆ సూదులు పారెయ్యి" అన్నాను. పారేశాడు.

ఏడో నెలలో అంకెలు దిగసాగాయి. నూటయాభై, నూటముప్పై. ఆఫీసులో అందరికీ చూపించుకుని మురిశాను. బాపు చాయ్‌లో మళ్లీ చక్కెర వేసుకున్నాడు. చెరుకు మోడు అరికాల్లో దిగితే, "షుగర్ తక్కువనే ఉన్నది, మానుతది" అని పసుపు అద్దుకుని ఊరుకున్నాడు.

పుండు ముదిరాక నిజామాబాద్ ఆసుపత్రిలో వేలు పొడిచి చూస్తే మూడువందల ఎనభై. ఎడమ పాదం సగం తీసేశారు.

సెన్సర్ కూడా తీశారు. దాని చుట్టూ తెల్లటి పొర కట్టింది. షుగర్ ఆ పొర దాటి అందక, అది తక్కువ చూపిస్తూ వచ్చింది. బయటి వస్తువును ఒళ్లు అలా కప్పేస్తుందని నాకు తెలియక కాదు. నా పూత ఆపుతుందనుకున్నాను. ఆయన మొదటి రోజు అడిగింది సరిగ్గా దీన్నే.

"తప్పు నాదే బాపూ" అన్నాను, మంచం పక్కన నిలబడి.

ఆయన సెన్సర్ అడిగి తీసుకుని, దుప్పటి అంచుతో పొర తుడిచి, పాత అలవాటు కొద్దీ కిటికీ వెలుగుకు పట్టి చూశాడు.

"మంచిగనే జేసినవ్ బిడ్డా. కొత్తది జేసినంక మల్ల నాకే పెట్టు. గని వేలు పొడుసుకుంటనంటె ఒద్దనకు."

కింద మందుల షాపుకు వెళ్లి, సూదుల డబ్బా కొనుక్కొచ్చి ఆయన దిండు పక్కన పెట్టాను.