ఆఖరి మూల

“ఊకె కూసోని సూది ఆడిచ్చుడు గూడ ఒక పనేనా?” అన్నది కిష్టవ్వ.

కోడలు సక్కుబాయి సూదిల దారం ఎక్కిచ్చింది. వాకిలి ఊడ్చి, వంట జేసి, మొగడు అంబదాస్ మగ్గానికి కావాల్సిన కండెలన్నీ చుట్టినంకనే బొంత ముందలేసుకున్నది. కండెలు చుట్టుడు గూడ ఈ ఇంట్ల ఎవల లెక్కల పని కాదు. ఆ దారం మగ్గం మీదికెక్కి అంబదాస్ నేసినప్పుడే అది పనైతది, కూలి గాయన చేతికే వస్తది. “నా మగ్గం” అంటడు. అది మింగే దారం ఎవరి వేళ్ల మీదికెళ్లి వస్తుందో ఎన్నడూ అడుగలే.

బొంత మాత్రం తనది. పాత నూలు చీరెలు పొరలు పొరలుగ పరిచి అంచు నుంచి నడిమికి కుట్టుకుంట పోవుడు ఆదిలాబాద్ దిక్కు తల్లిగారింట్ల నేర్చింది. ఆఖరి మూల మూసే ముందు కన్న అవ్వ అందుల చిటికెడు బియ్యం వేసేది. “కడుపు ఖాళీగుంచి మూయొద్దు బిడ్డా, కప్పుకున్నోళ్లకు వెచ్చగుండాలె” అనేది. అవ్వ పోయినా సక్కుబాయి ఆ చిటికెడు ఏ బొంతకూ మర్వలే.

ఫోన్లనే నడిచే వేలంపాట ఒకటి ఉంటదని చెప్పింది పక్కింటి నవీన. చేతితోని చేసినయి ఫొటో పెడితే ఆదివారం మధ్యాహ్నానికి ఎవరు ఎక్కువ పాడితే వాళ్లకు పోతది. ఖాతా అంబదాస్ పేరు మీద తెరిచిండ్రు. “బ్యాంకు నాది, నంబరు నాది, నడుమ నీ పేరెందుకే?” అన్నడు. మొదటి రెండు బొంతలకూ ఒక్క తీరే అయింది. కొనేటోళ్లు మంచిగ పాడుతుంటే ఆఖర్ల ఎవరో కొత్త పేరుతోని వచ్చి ధర ఆకాశానికి ఎక్కిచ్చిండ్రు. అందరూ తప్పుకున్నరు. గెలిచినోళ్లు పైసలు కట్టలే, జవాబియ్యలే. బొంతను మల్ల వేలానికి పెడితే, వాపసొచ్చిందంటే ఏదో ఖరాబున్నట్టేనని ఎవరూ ముట్టలే. అప్పుడు ఇంకో పేరు అగ్గువకు ఎగరేసుకపోయింది. ఆ మూటలు కొన్నోళ్లకు పంపిస్తనని అంబదాసే మోసుకపోయి ఇచ్చొచ్చిండు.

ఒకనాడు నూలుకని సేటు లక్ష్మీరాజం కొట్టుకు పోతే, గోడకు తన బొంత వేలాడుతున్నది. అదే వేలంల సేటు గూడ బొంతలమ్ముతడు.

“పట్నం నుంచి తెప్పిచ్చిన చెల్లె. కుట్టంటే గిట్లుండాలె. జర చూసి నేర్సుకో” అన్నడు.

సక్కుబాయి మూలను రెండు వేళ్ల నడుమ పట్టి నలిపింది. గింజలు కదిలినయ్. మూలను ఇడిసి నూలు అడిగి తీసుకున్నది. మగ్గానికి నూలిచ్చేది సేటే. ఇంటికొచ్చి చెప్తే అంబదాస్ నవ్విండు. “బియ్యం గింజలు సాక్ష్యం చెప్తయానే?” ఫిర్యాదు చెయ్యాలంటే ఖాతా ఉన్న మొగని నంబరు నుంచే చెయ్యాలె. ఇయ్యాల రేపు అనుకుంట నెట్టిండు.

ఇప్పుడిది మూడో బొంత. ఇందులయి అవ్వ చీరెలు. పెట్టెల దాస్తే ఒకదాన్ని కిష్టవ్వ మసిగుడ్డలు చేసింది. మిగిలినయన్న ఎవరి ఒంటి మీదనో ఉండాలెనని కుట్టింది. మందమర్రి నుంచి ప్రిస్కిల్లా అనే టీచరమ్మ పాడుతున్నది. “మా బిడ్డకు పాప పుట్టిందక్కా. మెత్తగుంటదా?” అని వేలం ఫొటో కిందనే రాసి అడిగింది. “మా అవ్వ చీరెలమ్మా. పాప మంచిగ పంటది” అని సక్కుబాయి కూడబలుక్కుంట రాసింది. ఆ పాప మొకం ఎట్లుంటదో అప్పుడే మనసుల అనుకున్నది.

ఇంతల ఎవరో శుభలక్ష్మి అట, కొత్త పేరు. ధర ఒక్కసారే ఎగిరింది. ప్రిస్కిల్లా జరంత పెంచింది. శుభలక్ష్మి ఇంకింత పెంచింది. “ఇంక నాతోని కాదక్కా. మంచిగుండు” అని రాసి ప్రిస్కిల్లా పోయింది.

వేలం ఆపొచ్చు. ఆపాలంటే ఓటీపీ అంబదాస్ ఫోన్‌కు వస్తది. సక్కుబాయి ఫోన్ చేసింది. అవుతల షెడ్డుల మగ్గాల చప్పుడు.

“ఏమయ్యా, జర ఓటీపీ చెప్పు. మల్ల గదే మోసం నడుస్తుంది.”

“నడువనియ్యి. ఆపితే సేటుకు కోపమస్తది.”

“సేటుకు? ఈ మోసం గాయనదేనని నీకెర్కనా?”

“వేలం ఎప్పుడు పెడుతున్నవో గాయనకు చెప్పిందే నేను. మల్ల నూలు ఎవడిస్తడు? మీ అవ్వ ఇస్తదా?” ఫోన్ పెట్టేసిండు.

గోడకున్న బొంత, మోసిన మూటలు, ఇయ్యాల రేపు అన్న మాటలు అన్నీ ఒక్కదాని పక్క ఒకటి వచ్చి నిలవడ్డయ్. ఏడుపు రాలే. ఎవరికి చెప్పుకోవాలె? చెప్పే నంబరు గూడ గాయనదే.

అనుకున్నట్టే అయింది. శుభలక్ష్మి కట్టలే, మల్ల వేలంల బొంత అగ్గువకు పోయింది. అంబదాస్ మూట కట్ట వచ్చేసరికి సక్కుబాయి బ్లేడుతోని ఆఖరి మూల కుట్లు విప్పుతున్నది.

“ఏం జేస్తున్నవే?” అన్నది కిష్టవ్వ.

“మూల సరిగ రాలేదత్తా.”

గింజలను అరచేతుల రాల్చుకున్నది. నోట్లె వేసుకుని, ఖాళీ మూలను మల్ల కుట్టి దారం తెంపింది. అంబదాస్ మూట భుజాన వేసుకున్నడు. కరకర నములుతున్న చప్పుడుకు ఆగి చూసిండు.

“ఏం తింటున్నవే?”

“నాది” అన్నది.